జువ్వలదిన్నె వీడియో రెండో భాగం

2024 ఎన్నికలకు నామినేషన్లు మొదలైన వారంలో నన్ను కావలి నియోజకవర్గానికి సహాయ వ్యయ పరిశీలకుడిగా వేశారు. నాది సహకార శాఖలో ఆడిట్ ఉద్యోగం. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది.

అభ్యర్థి ప్రచారానికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని చట్టం ఒక హద్దు పెట్టింది. ఆ హద్దు దాటకుండా చూడటం మా పని. సభ జరిగితే ఒక బృందం వీడియో తీస్తుంది. ఇంకో బృందం దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసి, ఎన్ని బండ్లు, ఎన్ని కుర్చీలు, ఎవరేం మాట్లాడారు అని నివేదిక రాస్తుంది. దాన్ని నేను సరిచూసి, ఖర్చు అభ్యర్థి మీద వేయాలా, కేసు పెట్టాలా, వదిలేయాలా అని సిఫారసు చేయాలి. నా పైన వ్యయ పరిశీలకుడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఆదాయపు పన్ను అధికారి ఆయన.

వీడియోలు చూసే బృందానికి పెద్ద ప్రసన్నకుమారి. మా శాఖ మనిషే. బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగింది. సర్వీసులో నాకంటే పదకొండేళ్ళు చిన్న, హోదాలో మాత్రం అప్పటికే నా సరసకు వచ్చేసింది. ఆమె అంటే నాకెందుకు గిట్టదో దాచను. నేను తనిఖీ చేసి సంతకం పెట్టిన ఒక మత్స్యకార సంఘానికి మరుసటి ఏడు ఆమె వెళ్ళి, నా కంటికి ఆనని తప్పు పట్టుకుంది. జిల్లా అధికారి మీటింగులో నా పేరెత్తకుండా ఆమెను మెచ్చుకున్నాడు. పేరెత్తి తిట్టినా అంత మండేది కాదు. ఎన్నికల పనిలోనూ అదే వరస. మొదటి రోజే పరిశీలకుడు ఆమె నివేదిక పైకెత్తి, అందరూ ఇలా రాయండి అన్నాడు. ఆ రోజు నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

జువ్వలదిన్నెలో కోటమ్మ అని ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, జనమంతా ఊళ్ళోనే ఉన్నారు. చేపలు ఇసకలో ఆరబెడితే ధర రాదని, సిమెంటు కళ్ళం కావాలని ఆవిడ గుడ్డ మీద రాయించి తన ఇంటి గోడకు కట్టింది. స్టేషన్‌లో మైకుకు అనుమతి తీసుకుంది. సొంత ఖర్చుతో షామియానా వేయించి, ఊరి ఆడవాళ్ళను కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది.

అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అతని గెలుపు కోసం మరొకరు ఖర్చు పెడితే అప్పటి శిక్షాస్మృతి 171-హెచ్ కింద నేరం. ఆ సెక్షన్ లేకపోతే ప్రతి అభ్యర్థీ తన ఖర్చంతా బావమరిది చేత పెట్టించి చేతులు దులుపుకుంటాడు. కానీ ఓటరు తన కష్టం తన డబ్బుతో చెప్పుకుంటే అది ఆమె వాక్ స్వాతంత్ర్యం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మాట్లాడిన మాటలను బట్టే తేలుతుంది. అందుకే మాటకు మాట రాసుకోవాలంటారు.

వీడియో రెండు భాగాలుగా వచ్చింది. మొదటి భాగం చివర కోటమ్మ ఒక అభ్యర్థి పేరు చెప్పి, “ఆయన కళ్ళం వేయిస్తానని మాటిచ్చినాడు. మంచాయన,” అంది. రెండో భాగం ఆ మాట మీదే మొదలవుతుంది. “మంచాయనే గానీ పోయినసారి కూడా ఇదే మాట చెప్పి పోయినాడు. రెండో ఆయన అసలు మన వీధి మొగమే చూళ్ళేదు. ఎవురికి ఓటెయ్యమనీ నేను చెప్పను. వచ్చినోళ్ళను నిలబెట్టి అడగండి, అంతే.”

ప్రసన్నకుమారి నివేదికలో రెండు భాగాల మాటలూ ఎత్తి రాసింది. ఓటరు సొంత అభిప్రాయం, చర్య అవసరం లేదు అని ముగించింది. నేను రెండు భాగాలూ చూశాను. ఆమె రాసింది సరిగ్గా ఉంది. అదే నాకు మింగుడుపడలేదు. ఈసారి ఆమె తప్పు నేను పట్టాలి. మొదటి భాగంలోని ఆ ఒక్క వాక్యం తీసుకుని, 171-హెచ్ కింద కేసుకు సిఫారసు రాశాను. బృందం నివేదిక అసమగ్రంగా ఉందని కింద ఒక ముక్క కూడా చేర్చాను. అది రాసేటప్పుడు చేతికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

రిటర్నింగ్ అధికారి కోటమ్మకు నోటీసు పంపాడు. మరునాడు పొద్దున్నే కోటమ్మ ఆ గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని మా గదికి వచ్చింది.

“గుడ్డ తీసేసినానయ్యా. నా కొడుకు పడవ కూడా పట్టుకుంటారా?”

“పడవతో పనిలేదమ్మా. నువ్వు ఒక అభ్యర్థి పేరు చెప్పినావు.”

“చెప్పినా. మంచి చెప్పినా, చెడ్డా చెప్పినా. మీరు చెడ్డ వినలేదా?”

విచారణలో చెప్పుకోమన్నాను. పక్క బల్ల దగ్గర ప్రసన్నకుమారి తలెత్తి నన్ను చూసింది. లేచి పరిశీలకుడి గదిలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రమే పరిశీలకుడు మమ్మల్నిద్దరినీ పిలిచాడు. ప్రసన్నకుమారి ల్యాప్‌టాప్ తెరిచి రెండో భాగం వేసింది. ఆయన చివరిదాకా విని నా వైపు తిరిగాడు. ఇది మీ నోట్‌లో ఎందుకు లేదు అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపే ఆమె అందుకుంది. ఫైలు రెండు ముక్కలుగా పంపామని, రెండోది సార్‌కు అంది ఉండకపోవచ్చని చెప్పింది. ఆయన ఐదు నిమిషాల్లో సిఫారసు కొట్టేసి సంతకం పెట్టాడు.

వరండాలో ఆమెను ఆపాను.

“రెండో భాగం నాకు అందింది ప్రసన్నా.”

“తెలుసు సార్. అందినట్టు సంతకం పెట్టింది మీరే కదా.”

“మరి నన్నెందుకు కాపాడినావు?”

“మిమ్మల్ని కాదు సార్. మీ మీద విచారణ మొదలైతే ఈ ఫైలు పోలింగ్ దాకా కదలదు. అప్పటిదాకా ఆవిడ భయంతో చావాల్నా?”

నన్ను కాపాడిందనుకుని సగం, ఆ పెద్దమనసు చూపించే అవకాశం కూడా ఆమెకే దక్కిందని సగం కుళ్ళుకున్నాను. తీరా ఆమె ఆలోచనలో నేను లేనేలేను. దానికి ఇంకా కుళ్ళుకున్నాను.

కేసు లేదన్న కాగితం నేనే తీసుకెళ్ళి ఇస్తానన్నాను. జువ్వలదిన్నెలో కోటమ్మ ఇసక మీద చేపలు తిరగేస్తోంది. కాగితం చదివి వినిపించి, గుడ్డ మళ్ళీ కట్టుకోవచ్చమ్మా అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని కాగితం తీసుకుంది.

“మళ్ళీ ఇంకో సారు వచ్చి ఇంకోమాట వింటే?”

పోలింగ్ అయ్యేదాకా ఆ గోడ ఖాళీగానే ఉంది. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళను ఆ వీధిలో ఎవరూ నిలబెట్టి అడగలేదని మా వీడియోల్లోనే చూశాను.

కేసు కొట్టేస్తే జరిగింది సరిపోతుందని మా ఉద్యోగాల్లో అనుకుంటాం. సరిపోదు. మనిషి నోరు మూయడానికి నోటీసు చాలు. ఆ సెక్షన్ డబ్బున్నవాడి దొంగదారి మూయడానికి పెట్టింది. నేను దాన్ని ఒక ఉద్యోగిని మీద అక్కసుతో, ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ మీద వాడాను. రిటైరయ్యాక కొత్త ఆడిటర్లకు పాఠం చెప్పమని అప్పుడప్పుడూ పిలుస్తుంటారు. వీడియో చివరిదాకా చూడండి, కింద నివేదిక రాసిన మనిషంటే మీకు గిట్టకపోతే ఆ ఫైలు ఇంకొకరికి ఇచ్చేయండి అని చెబుతాను. ఇది ప్రసన్నకుమారి వల్ల తెలిసిందని ఇంతవరకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.