కీబోర్డు కోసం స్టాంపు పేపరు

ఆ రోజుల్లో మా వైపు ఎవరినైనా కాగితం మీద సంతకం పెట్టమంటే ముందు తలుపు వైపు చూసేవారు. మొహమాటానికి సాక్షి సంతకం పెట్టి ఏళ్ల తరబడి జమ్మలమడుగు కోర్టు మెట్లెక్కి దిగినవాళ్లు ఊరికి నలుగురైనా ఉండేవారు. అలాంటి కాలంలో స్టాంపు పేపరు చంకన పెట్టుకుని పగలున్న రెండు వర్గాల ఇళ్లకూ తిరిగిన ఘనుణ్ణి నేను. (బల్లి అరిచినా ఉలిక్కిపడే మనిషినని మా ఇంట్లో అందరికీ తెలుసు.)

ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. అంతకుముందు కాలేజీలో ఇద్దరు స్నేహితులతో కలిసి తెలుగు టైపు చేసే కీబోర్డు ప్రోగ్రాం రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇంటర్నెట్లో పెట్టాం. ఆ ఇద్దరి పేర్లూ పొడుగోడు, గుండోడు అనుకోండి. జమ్మలమడుగు దగ్గర ఒకే ఊరివాళ్లు, కానీ చెరో పార్టీ. కాలేజీలో ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్లు కాస్తా, ఎన్నికలప్పుడు ఊర్లో గొడవై గుండోడి కుటుంబం పులివెందులకు వెళ్లిపోయాక మాటలు మానేశారు. సరిగ్గా అప్పుడే, మా ప్రోగ్రాంను తమ ఉచిత సాఫ్ట్‌వేర్లలో చేర్చుకుంటామని ఒక విదేశీ బృందం నుంచి ఈమెయిల్ వచ్చింది. పొడుగోడు తన భాగానికి పెట్టిన లైసెన్సు ప్రకారం ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చినది కూడా అవే షరతులతో అందరికీ ఇవ్వాలి. గుండోడు తన భాగానికి పెట్టిన లైసెన్సేమో అసలు మార్చడానికే వీల్లేదంటుంది. ఈ రెండూ ఒకే ప్రోగ్రాంలో ఇమడవు కాబట్టి రాసినవాళ్లందరూ ఒకే లైసెన్సుకు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలనీ, నెలాఖరులోగా రాకపోతే మా ప్రోగ్రాంను పక్కన పెట్టేస్తామనీ రాశారు. రెండేళ్ల కష్టం అది. నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు.

లిఖితపూర్వకం అంటే మా జిల్లాలో స్టాంపు పేపరే. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు పత్రాలు రాసే ఆయన దగ్గరికి పోయాను. "ఆస్తి ఏంది?" అన్నాడు. కీబోర్డు అన్నాను. "హద్దులు చెప్పప్పా" అన్నాడు. ఎట్లాగో రాయించి, అడుగున ఇద్దరు సాక్షులకు చోటు కూడా వదిలించి ఇంటికి తెచ్చాను. బళ్లో గుమాస్తాగా పనిచేసే మా నాయన అది చూసి కళ్లజోడు తీసేశాడు. "వాళ్లిద్దరి పేర్లూ ఒక్క కాగితంలో రాసుకొని ఆ ఊర్లోకి పోతాండావా? మీ అమ్మకు చెప్పి పో" అన్నాడు.

పొడుగోడి నాయన గొర్రెలు మేపి, తర్వాత సేద్యంలోకి దిగిన మనిషి. నేను పోయేసరికి వాకిట్లో నలుగురితో కూర్చొని ఉన్నాడు. కాగితం చూడగానే "రాజీ పత్రమా? ఎవరు పంపినారు నిన్ను?" అన్నాడు. ఎవరూ పంపలేదు మామా, కంప్యూటర్ పని అన్నాను. "కంప్యూటర్ పనికి స్టాంపు పేపరేంది?" అన్నాడు. (న్యాయమైన ప్రశ్నే. అంతవరకూ నాకే తట్టలేదు.) పొడుగోడు కాగితం చదివి, "వాడు పెట్టినాడా? వాడు పెట్టినాక రా" అన్నాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పులివెందుల పోతే గుండోడూ అక్షరం మారకుండా అదే మాట అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నెలాఖరు మూడు రోజులుందనగా మళ్లీ పొడుగోడి ఇంటికి పోయి, అరుగు మీద కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాను.

పెద్దాయనకు జాలేసినట్టుంది. "అందులో ఏముందో సదువు" అన్నాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, రాసినవాళ్ల పేర్లు మాత్రం తీయకూడదు అని చదివాను.

"ఎవరైనా అంటే వాళ్లు గూడానా?"

"వాళ్లు గూడా, మామా."

"పేర్లు ఎప్పటికీ పక్కపక్కనే ఉంటాయా?"

ఉంటాయన్నాను. "ఇంతవరకూ మా పేరూ వాళ్ల పేరూ ఒక్క కాగితంలో ఉండేది పోలీసు స్టేషన్లోనే. ఇట్లాంటిది ఒగటి ఉండనీ. పెట్రా సంతకం" అన్నాడు కొడుకుతో.

మర్నాడు పులివెందులలో గుండోడు ఆ సంతకాన్ని వేలితో తడిమి చూశాడు. కింద తన సంతకం పెట్టాడు. నేను బస్సెక్కేటప్పుడు, "వాడు శానా చిక్కిపోయినాడంట గదా, తింటాండాడా?" అని అడిగాడు.

నా సంతకం కూడా చేర్చి, సాక్షుల చోటు ఖాళీగానే వదిలేసి ఆ పత్రాన్ని స్కాన్ చేసి పంపితే జవాబు వచ్చింది. ప్రోగ్రాంను చేర్చుకున్నారట. ఇంత శ్రమ అక్కర్లేదు, ఒక్కొక్కరూ 'ఒప్పుకుంటున్నాను' అని ఈమెయిల్లో ఒక్క ముక్క రాసినా సరిపోయేదట. మొదటి ఉత్తరం తీసి చూస్తే ఆ సంగతి మూడో పేరాలోనే ఉంది. ఇప్పుడు అలాంటి లైసెన్సు తగాదాలు తీర్చడమే నా ఉద్యోగం, ఉత్తరం ఏదొచ్చినా మూడుసార్లు చదువుతాను. కానీ ఆ ఒక్కదాన్ని మాత్రం భయంలో సగమే చదివి బస్సెక్కిన ఆ పిరికివాణ్ణి తలుచుకుంటే, వాడు సరిగ్గా చదవకపోవడమే మంచిదైంది అనుకుంటాను.