ఇనుపరాయుడి కారుణ్య నియామకం

పోయిన నెల మా వీధి వాట్సాప్ గ్రూపులో, నల్లా నీళ్ల ఫిర్యాదులకూ శుభోదయాలకూ మధ్య ఒక ఆహ్వానపత్రిక వచ్చి పడింది. చిక్కడపల్లిలోని ఒక సభాభవనంలో, ఇనుపరాయుడి సృష్టికర్త, ప్రముఖ బాలల రచయిత శ్రీ ఉల్కాపాణి గారికి ఘన సన్మానమట. నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది. తొంభైల మొదట్లో రెండేళ్ల పాటు ఉల్కాపాణిని నేనే కాబట్టి, నా సన్మానం సంగతి నాకు ముందే తెలియడం మర్యాదగా ఉండేదేమో అనిపించింది. ఫొటోలో ఉన్నది మా మేనమామ అల్లుడు. మీసానికి రంగు బాగా పట్టింది. అతను మనసు పెట్టి చేసిన పని నాకు తెలిసినంత వరకూ అదొక్కటే.

నాకంటే పదీ పన్నెండేళ్లు చిన్నవాళ్లకు ఇనుపరాయుడు గుర్తుండే ఉంటాడు. నెలకోసారి వచ్చే ముప్పై రెండు పేజీల బొమ్మల కథలో దుర్మార్గుడు. మొహానికి ఇనుప తొడుగు, కుడిచేతికి ఇనుప కడియం. బలమంతా ఆ కడియంలోనే ఉండేది, ఎవరు తొడుక్కుంటే వాళ్లకు నూరేనుగుల సత్తువ వచ్చేది. బుర్రకు సంబంధించి కడియం ఎటువంటి హామీ ఇవ్వలేదు. లోకాన్ని జయించాలన్నది అతని ఆశయం, కానీ ఆ దండయాత్ర ఎప్పుడూ నారాయణగూడ చౌరస్తా దాటలేదు, ఎందుకంటే మా పత్రికకు బొమ్మలు వేసే అన్న రోజూ టీ తాగేది అక్కడి ఇరానీ హోటల్లో, కిటికీలోంచి కనబడిందే గీసేవాడు. ఇతణ్ణి ఎదిరించే సద్గుణసంపన్నుడైన విద్యార్థి ఒకడు ఉండేవాడు. అతని పేరు ఏ పాఠకుడికీ గుర్తులేదు, రెండేళ్లు రాసిన నాకూ గుర్తులేదు.

ఆ పత్రిక మా మేనమామది. మామ పగలంతా ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు, సాయంత్రం చిక్కడపల్లి సందులో ప్రెస్సు యజమాని. సర్కారు నౌకరీ చేసేవాడు వ్యాపారం చేయరాదు గనుక ప్రెస్సు బోర్డు మీద అత్తయ్య పేరుండేది. ఆవిడ ఆ గడప తొక్కింది ఒక్కసారే, ప్రారంభోత్సవం రోజు కొబ్బరికాయ కొట్టడానికి. తన పని ఏదైనా మరొకరి పేరున జరగడంలో మామకు ఒక రకమైన ఆధ్యాత్మిక తృప్తి ఉండేది. పత్రిక రచయితకు కూడా ఆయనే ఉల్కాపాణి అని పేరు పెట్టి, దాన్ని ప్రెస్సు సామానుతో పాటు తన దగ్గరే ఉంచుకున్నాడు.

మొదటి ఉల్కాపాణి విద్యానగర్‌లో ఉండే ఒక తెలుగు పండితుడు. ఆయన ఇనుపరాయుణ్ణి ఒక పహిల్వానుగా పుట్టించి, ధర్మం జయించి తీరాలి కాబట్టి పదో సంచికలో మూసీలో ముంచి చంపేశాడు. మూసీలో మునిగి చావాలంటే ఆ రోజుల్లోనే మనిషికి ఎంతో పట్టుదల అవసరం. ఇక పిల్లల దగ్గరనుంచి కార్డులు రావడం మొదలైంది. ధర్మం గెలిచినందుకు ఒక్కరూ సంతోషించలేదు, ఇనుపరాయుడు మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగారు. చచ్చినవాణ్ణి లేపడం తన కలానికి చేతకాదని పండితుడు శాలువా సర్దుకుని వెళ్లిపోయాడు. ఎవరూ కప్పకపోయినా ఆయన భుజాన ఎప్పుడూ ఒక శాలువా ఉండేది.

సరిగ్గా అప్పుడే నేను డిగ్రీ పూర్తి చేసి, నన్ను ఏ ఉద్యోగమూ వరించక, అశోక్‌నగర్ గ్రంథాలయంలో పేపర్లు మొదటినుంచి చివరిదాకా చదువుతూ కాలక్షేపం చేస్తున్నాను. మామ పిలిచి కుర్చీ చూపించాడు. పహిల్వానుకు పునర్జన్మ ఇద్దామనీ, సంజీవని తెప్పిద్దామనీ నేను చాలా సాహిత్యం మాట్లాడాను. ఆయన అంతా విని, ఫైలు మీద సంతకం పెట్టే ముందు చూసినట్టు నన్ను చూశాడు.

“చచ్చినోడు చచ్చిండు. పోస్టు ఎక్కడికి పోతదిరా? ఇంట్ల ఎవరున్నరో చూడు.”

ఆయన ఉద్దేశం కారుణ్య నియామకం. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారు కదా, అదీ. మా పత్రిక చదివే ఇళ్లలో సగం ఆ దయ మీదే గడిచినవే కాబట్టి ఇది పిల్లలకు విడమరిచి చెప్పనక్కర్లేదని ఆయన వాదన. ఆ విధంగా పహిల్వాను తమ్ముడు రెండో ఇనుపరాయుడయ్యాడు. వారసత్వ ధ్రువపత్రం కోసం అతను ఇనుప తొడుగు చంకలో పెట్టుకుని ఎమ్మార్వో ఆఫీసు వరుసలో నిలబడ్డ బొమ్మకు మామ ఒక పూర్తి పేజీ ఇప్పించాడు. లోకాన్ని నాశనం చేయబోయేవాడు కూడా మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన గుమస్తా కోసం ఆగాల్సిందే. ఏ చిన్నారీ ఇది విడ్డూరం అనలేదు.

తమ్ముడు దాదాపు రెండేళ్లు నడిచాడు. అప్పుడు అడిక్‌మెట్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సంతకం ఆరో తరగతి పిల్లవాడిది, దస్తూరి మాత్రం నాన్నది, అదీ ముప్పై ఏళ్లు నోట్ ఫైళ్లు రాసిన నాన్నది. మృతుడి భార్య పద్నాలుగో పేజీలో ఏడుస్తూ కనబడుతున్నది కనుక ఆమె జీవించి ఉన్నట్టే, భార్య ఉండగా తమ్ముడి నియామకం నిబంధనలకు విరుద్ధం, తగు చర్య తీసుకోగలరు. మామ ఆ పూట అన్నం ముట్టలేదు. నా కథల్లో తర్కం లేదని ఆయనకు అంతకు ముందే తెలుసు, అది ఆయన్ను ఏనాడూ బాధించలేదు. తన ప్రెస్సులో సర్వీసు రూల్సు తప్పడం ఆయన భరించలేకపోయాడు.

“రేపే కాన్సిల్ చెయ్. భార్యకు ఇయ్యి. నా ఇజ్జత్ పోయింది.”

అలా మూడో ఇనుపరాయుడు ఒక ఆడమనిషి అయింది, ఒక గుమస్తా అభ్యంతరం పుణ్యమా అని. ఇప్పుడు వేదికల మీద దీన్ని ముందుచూపు అంటున్నారు.

బొమ్మలు వేసే అన్న పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. సైన్‌బోర్డులు రాసి పొట్ట పోసుకుంటూ మాకు బొమ్మలు గీసేవాడు. ఆడ ఇనుపరాయుడు ఎలా ఉండాలని నేను కండల గురించి వర్ణిస్తుంటే అన్న విసుక్కుని నన్ను అశోక్‌నగర్‌లో అప్పుడే లేస్తున్న ఒక అపార్ట్‌మెంటు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ వాళ్ల అక్క ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కుతోంది.

“కండలు గాదు తమ్మీ, గా మెడ జూడు. బలమంత ఆడ్నే ఉంటది.”

ఆమె మధ్యాహ్నం భోజనాల వేళ మాకోసం కాసేపు నిలబడింది. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ సంచికలో నువ్వు డబుల్ డెక్కర్ బస్సును ఒంటిచేత్తో ఎత్తుతావమ్మా అని నేను గంభీరంగా చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. సాయంత్రం పని దిగాక స్టాపులో నిలబడితే, చేతిలో తట్ట చూసి బస్సులు ఆపకుండా పోతున్నాయట. రోజూ నడకేనట.

“బస్సు లేపుడెందుకు సారూ, ఆపితే సాలదా?”

నేను ప్రెస్సుకు పరుగున వచ్చి ఆ మాట చుట్టూ సంచిక మొత్తం రాశాను. దుర్మార్గురాలు లోకాన్ని జయించే పని మరిచిపోయి నారాయణగూడ స్టాపులో తట్ట కింద పెట్టి, ఆగని బస్సును వెనక చక్రాలు పట్టుకుని లేపుతుంది. డ్రైవరు దణ్ణం పెడతాడు. అప్పుడామె, “బస్సును ఎత్తడమెందుకు నాయనా, ఆపితే చాలదా?” అంటుంది. మామకు శిష్టభాష ఇష్టం కనుక నేను మాటను కొంచెం ఉతికి ఇస్త్రీ చేశాను. ఆ సంచిక వచ్చాక పిల్లల కార్డులు సంచుల్లో వచ్చాయి. సిటీ బస్సులకు రాళ్లు కొట్టడానికి బదులు పిల్లలు ఆ డైలాగు అరవసాగారని ఎవరో చెబితే, అది వినబడుతుందేమోనని నేను నారాయణగూడలో రెండు రోజులు ఊరికే తిరిగాను.

కానీ ఆ సంచిక అచ్చుకు వెళ్లేముందే మామకూ నాకూ చెడింది. జీవితంలో మొదటిసారి నేనొక మంచి పని చేశాననిపించి, దాని మీద నా సొంత పేరు వేయమని అడిగాను.

“నీ పేరేస్తే, రేపు నువ్వు పోతే పుస్తకం గూడ పోతదిరా. ఉల్కాపాణి అంటే మనిషి గాదు, పోస్టు.”

నేను బొమ్మలన్నను బతిమాలాను. బస్సు నుదుటిన ఊరి పేరుండే బోర్డులో చిన్న అక్షరాలతో నా పేరు రాయమన్నాను. అన్న నా మొహంలోకి ఒకసారి చూసి రాశాడు. మామ ప్రూఫులో పట్టేశాడు. ముప్పై ఏళ్లు ఫైళ్లలో తప్పులు వెతికిన కన్ను అది. తెల్ల రంగు తెప్పించి బోర్డు తన చేత్తోనే పూసేశాడు. ఆ బస్సు ఏ ఊరికి పోతుందో తెలియకుండానే అచ్చయింది. నేను మానేశాను. తర్వాత ఒక పరీక్ష రాసి, నేనూ ఒక పోస్టులో చేరి, దానిలోనే ముసలివాణ్ణయ్యాను. ఉల్కాపాణి పదవి మామ అల్లుడికి దక్కింది. అతను ఆరు సంచికల్లో ఇనుపరాయుణ్ణి, సద్గుణ విద్యార్థిని, పత్రికను ఒకే వేగంతో చంపాడు.

సన్మానానికి వెళ్లాను. కోఠి ఫుట్‌పాత్ మీద ఎన్నడో కొన్న ఆ సంచికను సంచిలో పెట్టుకున్నాను. తగిన సమయంలో లేచి, ఆ తెల్లబోర్డు సభకు చూపించి, నా పేరు నేనే చెప్పుకోవాలని నిశ్చయం. మూడో వరుసలో కూర్చున్నాను. నలుగురు వక్తలు ఇనుపరాయుణ్ణి స్త్రీవాదమన్నారు, ఒకాయన ఉపనిషత్తులన్నాడు. శాలువాలు పడుతున్నాయి. తర్వాత అల్లుడు మైకు పట్టుకుని, గొంతు తడి చేసుకుని, చిన్నప్పుడు మా అమ్మ బస్టాపులో నిలబడి అన్న మాటండీ ఇది అంటూ నా డైలాగు చదివాడు. చప్పట్లు మోగాయి. ఆ క్షణంలో కడియం నా చేతికి ఉంటే వేదిక లేచి ఉండేది.

కళ్లజోడు పెట్టుకుని పేజీ తెరిచాను. తెల్లబోర్డు ఉన్నచోటే ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ బొమ్మలో నేను చూసింది ఆ ఖాళీనే. దృష్టి కొంచెం జారి, కింద స్టాపులో ఆమె దించిన తట్ట మీద పడింది. తట్ట అంచున మట్టి మరకల్లా, చుక్కల్లా ఉన్నవి బొమ్మలన్న రాసిన అక్షరాలు. చెన్నమ్మ. మామ కన్ను బస్సును దాటి కిందికి రాలేదు. నా కన్నూ అంతే.

నేను లేవలేదు.

సభ అయ్యాక అల్లుడే నన్ను చూసి, శాలువాల బరువుతో పక్కకు ఒరుగుతూ వచ్చాడు.

“ఏందన్నా, చెప్పకుండ వచ్చినవ్? ఆ డైలాగుకు చప్పట్లు విన్నవా?”

విన్నానన్నాను. పేజీ తిప్పి తట్ట చూపించాను. అతను పుస్తకాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కష్టపడి చదివాడు.

“చెన్నమ్మెవరన్నా?”

“బస్సు కోసం నిలబడ్డామె” అన్నాను. అతను తలూపి ఫొటో కోసం వెళ్లిపోయాడు. అతన్ని పూర్తిగా అసహ్యించుకునే సౌకర్యం నాకు లేకుండా పోయింది. ఆమె మాటను అతనికంటే ముందు నా పేరున రాసుకోబోయినవాణ్ణి నేనే.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు నడుచుకుంటూ వచ్చాను. ఆ అపార్ట్‌మెంటు ఇంకా ఉంది, పైన బిల్డరు నాన్నగారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, కింద కోచింగ్ సెంటరు, లోపల పోస్టుల కోసం చదివే పిల్లలు మెట్ల మీద కూడా కూర్చున్నారు. బొమ్మలన్న ఏ ఊళ్లో ఉన్నాడో, ఆ అక్క మెడ ఎలా ఉందో అడగడానికి నా దగ్గర ఒక్క నెంబరూ లేదు. డబుల్ డెక్కర్లు పోయాయి, పిల్లల పత్రికలు పోయాయి, కార్డు ముక్క మీద తప్పు పట్టే నాన్నలు పోయారు. స్టాపులో చేతిలో తట్టతో ఒకామె నిలబడి ఉంది. బస్సు వస్తుంటే చెయ్యెత్తింది, పక్కనే నేనూ ఎత్తాను. బోర్డు మీద ఊరి పేరు స్పష్టంగానే ఉంది. ఆగకుండా పోయింది.