నొవ్‌గొరోద్‌లో శఠగోపం

ఈ ప్రసాద్ రష్యా వెళ్ళి పాపాలు కడుక్కొచ్చాడని మా ఆవిడ రాధిక నేపర్‌విల్ అంతా చెబుతోందట కదా! అసలేం జరిగిందో నా నోటి నుంచే వినండి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

నొవ్‌గొరోద్ అని చాలా పాత ఊరు. ఎటు చూసినా వందల ఏళ్ళ నాటి చర్చిలే. తెల్లటి గోడలు, పైన ఉల్లిపాయల్లాంటి గుమ్మటాలు. రాధికకి పాత కట్టడాలంటే ప్రాణం. పాపం, అమెరికాలో మా ఇంటి చుట్టుపక్కల అన్నిటికన్నా పాతది మా వాటర్ హీటరే!

పొద్దున చూసిన చర్చిలు మ్యూజియంల్లా ఉన్నాయి, అన్నిటికీ టికెట్. ఆ తర్వాత ఇంకో చర్చి దగ్గర రాధిక బయట ఫొటోలు తీస్తూ, "మీరెళ్ళి లైన్‌లో నిలబడండి, నేనొస్తా" అంది. లోపల ఓ పక్కగా నిజంగానే లైన్ ఉంది. వెళ్ళి నిలబడ్డాను.

తీరా చూస్తే ముందు కౌంటర్ లేదు. పెద్ద గడ్డంతో ఫాదర్ ఉన్నాడు. ఒక్కొక్కరూ వెళ్ళి ఏదో గొణిగి తల వంచుతున్నారు. ఆయన మెడలోని పొడుగాటి కండువా వాళ్ళ తలమీద కప్పి ఏదో చదువుతున్నాడు. నాకు టక్కున వెలిగింది. ఓహో, శఠగోపం! ఇంత దూరం వచ్చి వదులుకుంటామా?

నా వంతు రాగానే ఆయన అడక్కముందే తల వంచేశాను. కండువా పడింది. చీకటి, సాంబ్రాణి వాసన. ఫాదర్ మెత్తగా ఏదో అడిగాడు. ఇంకేం అడుగుతాడు?

"భారద్వాజస గోత్రం" అన్నాను.

అదొక్కటే చాలదేమోనని నా పేరు, రాధిక పేరు, పిల్లల పేర్లు, గుంటూరులో మా అత్తమామల పేర్లు, అన్నీ నక్షత్రాలతో సహా చెప్పాను. పనిలో పనిగా బావమరిది గ్రీన్ కార్డ్ సంగతి కూడా చెవిన వేశాను.

కండువా మెల్లగా లేచింది.

"ఇంగ్లిష్?" అన్నాడు ఫాదర్.

"యెస్ ఫాదర్."

"దిస్ ఈజ్ కన్ఫెషన్. ఫర్ సిన్స్."

అంటే ఇది పాపాలు ఒప్పుకునే లైన్! వెనక లైన్‌లో ఉన్న మామ్మగారు మెడ చాచి మరీ చూస్తోంది. కంగారులో, "నో ఫాదర్! నో సిన్స్!" అనేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నో సిన్స్? వేర్ ఆర్ యూ ఫ్రమ్?"

"నేపర్‌విల్, ఇల్లినాయ్."

గడ్డం ఊగేలా నవ్వాడు. "దెన్ యూ ప్రే ఫర్ అస్" అని భుజం తట్టాడు. ఆ మామ్మగారు కూడా నవ్వేసి తన చేతిలో ఉన్న కొవ్వొత్తుల్లో ఒకటి నాకిచ్చింది. అది వెలిగించి, గోడల మీది పాత బొమ్మలు చూస్తూ కాసేపు నిలబడ్డాను. ఎంత హాయిగా అనిపించిందో!

వెనక్కి తిరిగితే గుమ్మంలో రాధిక, ఎప్పట్నుంచి చూస్తోందో ఏమో, గుడ్లప్పగించి.

"అది కన్ఫెషన్ కదండీ? ఏం చెప్పారు అంతసేపు?"

"గోత్రం."

"అందరూ చిటికెలో వచ్చేశారు. మీకొక్కరికే అంతసేపు పట్టింది. గోత్రమా?"

"ఒట్టు రాధీ! మీ అమ్మానాన్నల పేర్లు కూడా చెప్పాను!"

"పాపాలు చెప్పుకునే చోట మా అమ్మానాన్నల పేర్లెందుకొచ్చాయి?"

అప్పటిదాకా నిజంగానే ఏ పాపమూ లేనివాణ్ణండీ. ఆవిడ మొహం చూశాక మాత్రం, మళ్ళీ వెళ్ళి ఆ లైన్‌లో నిలబడదామా అనిపించింది!