పడుగు గంజిలో ఉప్పు నేను వెయ్యలేదు

మా చిన్నప్పుడు పడుగు సాచే రోజున పొద్దున్నే పొయ్యి మీద రెండు కుండలు ఎక్కేవి... పెద్ద కుండలో నూలుకు గంజి, చిన్న కుండలో మాకు గటక. రెండూ జొన్నలే. ముందు రోజు ఇసుర్రాయి మీద విసిరి జల్లెడ పట్టేవాళ్ళు. కిందికి రాలిన మెత్తటి పిండి నూలుకు... పైన మిగిలిన గరుకు రవ్వ మనుషులకు!

మాది గద్వాలలో నేత ఇల్లు. పడుగు అంటే చీరలో నిలువు పోగులు. వాటిని వీధి పొడవునా సాచి కట్టి, కుంచెతో గంజి పట్టించి ఆరబెట్టాలి. అప్పుడే మగ్గం మీద పోగు తెగకుండా నిలుస్తుంది. అందుకే ఆ రోజు ముందు గంజి... తర్వాతే మా కడుపులు.

గటక తెలియని వాళ్ళకు చెబుతాను. ఒక గ్లాసు రవ్వ కడిగి కాసేపు నానబెట్టాలి. నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, రవ్వ కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో కలపాలి. ఉండ కట్టకూడదు. మంట తగ్గించి మూత పెడితే మెత్తగా ఉడుకుతుంది. మజ్జిగ పోసుకుని, మామిడికాయ తొక్కు నంజుకుని తినడమే... అంతే.

గంజి కూడా దాదాపు అంతే. ఒక్కటే తేడా... గంజిలో ఉప్పు వెయ్యరు. వేస్తే పోగు చెమ్మ పట్టి ఆరదు. ఒకదానికొకటి అంటుకుని, లాగితే తెగిపోతుంది. మా వీధిలో నడక నేర్చిన పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

గంజిలో ఉప్పు పడ్డ ఆ రోజు అమ్మ బాలింత. తమ్ముడు పుట్టి పదిహేను రోజులు. అమ్మ నులక మంచం పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉంది. పొయ్యి పని నాకు పడింది. నాకు పదేళ్ళు, ఐదో తరగతి. పరీక్షలు దగ్గర పడ్డాయి. చేతిలో తెడ్డు, ఒళ్ళో పుస్తకం... గటకలో ఉప్పు వేశాను. గంజిలో వెయ్యలేదు.

అప్పుడే మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, లోపలికి వచ్చింది. ఆమెకు చూపు తగ్గింది. ఆ మాట ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. ఇంకా నీళ్ళు కలపని చిక్కటి గంజిని తెడ్డుతో ఇంత తీసి నాలుక మీద వేసుకుంది.

"సప్పగున్నది గదనే! గటకల ఉప్పెయ్యనీకె గూడ చేతకాదా నీకు?"

"అవ్వా, గది గటక గాదు... పడుగు..."

"నోర్మూయ్! నాకు చెప్పొస్తున్నవా?"

గుప్పెడు ఉప్పు తీసి పెద్ద కుండలో వేసేసి వెళ్ళిపోయింది.

నాయన వచ్చి గంజి ఎత్తుకుపోతుంటే చెప్పాలనుకున్నాను. అవ్వ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. చెప్పకుండా గటక కుండలో తెడ్డు తిప్పుతూ కూర్చున్నాను. అది నా తప్పే... ఒప్పుకుంటాను. నా తప్పు అంతవరకే.

మధ్యాహ్నమైనా పోగులు ఆరలేదు. పెద్దనాయన ఒక పోగు నాలుకకు ఆనించి తుపుక్కున ఉమ్మేశాడు. "ఉప్పురా తమ్మీ! గంజిల ఉప్పు పడ్డది!"

నాయన ఇంట్లోకి ఊడిపడ్డాడు. "ఎవరేసిండ్రు?"

"ఇంకెవరు, నీ సదువుల తల్లే!" అంది అవ్వ, క్షణం ఆలోచించకుండా. "పుస్తకం ఒళ్ళె బెట్టుకొని గంజి కాస్తే గిట్లనే అయితది."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ అంతా చూసింది, అంతా విన్నది. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట చెబితే చాలు. అమ్మ తమ్ముడిని దగ్గరికి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది.

"రేపటి సంది బడి బందు," అన్నాడు నాయన. "ముందుగాల పొయ్యి కాడ పని నేర్వనీ."

వారం తర్వాత మా టీచరమ్మ ఇంటికి వచ్చింది. "పిల్ల మంచిగ చదువుతది. జర పరీక్షలన్న రాయనీయుండ్రి," అని బతిమాలింది.

"ఏం రాస్తది మేడమ్, గంజికీ గటకకూ ఫరక్ తెల్వనిది?" అంది అవ్వ. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ ఫరక్ తెలియనిది ఎవరికో నాకు తెలుసు, అవ్వకు తెలుసు, అమ్మకు తెలుసు!

నేను మళ్ళీ బడికి పోలేదు.

పెళ్ళయ్యాక ఒకసారి అమ్మను అడిగాను. "నువ్వు చూసినవ్ గదమ్మా?"

"చూసిన. చెప్తే మీ అవ్వ నన్ను ఇంట్ల ఉండనిచ్చునా?"

"నా బడి పాయె గదమ్మా."

"బడే గద పోయింది బిడ్డా... ఇల్లు పోలేదు గద," అంది అమ్మ, చిక్కుడుకాయలు తుంచుకుంటూ.

ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేని మనిషిని నేను. ఆ రోజు కూడా అమ్మ పక్కనే చిక్కుళ్ళు తుంచడానికి కూర్చున్నాను. కానీ ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది... అవ్వ మీద కన్నా అమ్మ మీదే ఎక్కువ.

ఇప్పుడు మా వీధిలో ఇళ్ళల్లో గంజి కాయడం లేదు. జొన్న రవ్వ దుకాణాల్లో ప్యాకెట్లలో దొరుకుతోంది, ఆరోగ్యమని అందరూ కొంటున్నారు. వండే పద్ధతి ప్యాకెట్ వెనక నాలుగు ముక్కల్లో అచ్చు వేసి ఉంటుంది. చదవడం వస్తే చాలు, ఎవరైనా అరగంటలో నేర్చుకోవచ్చు... ఆ అరగంట పని నేర్పడానికి నా బడి మాన్పించారు!

మీరు చెయ్యని తప్పు మీ మీద పడి, చూసిన వాళ్ళు చూడనట్టు ఊరుకుంటే... కింద రాయండి. అది ఎవరు చేశారో కూడా రాయండి.