గుండుసూదుల మధ్య ఇచ్చిన మాట

పొద్దున్నే సూదిలోకి మొదటి దారం ఎక్కించే ముందు టేపత్త కళ్లు మూసుకుని ఒక్క మాట అనుకుంటుంది: "దేవుడా, ఇవాళ నేను కుట్టింది ఎవరికీ బిగుతు కాకుండా చూడు." మిగతావన్నీ ఆయనకే వదిలేస్తుంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. ఆ పేరు అలా వచ్చిందే.

తల్లి పోయాక తన దగ్గరే పెరిగిన మేనల్లుడు యుద్ధం నుంచి ఎడమచెయ్యి లేకుండా తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడు చొక్కా గుండీలతో కుస్తీపట్టి, "అత్తా, నీ చొక్కా నన్ను ఓడించింది" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. టేపత్త ఓదార్పు మాటల జోలికి పోలేదు. మధ్యాహ్నానికల్లా వాడి చొక్కాలన్నిటికీ లోపల టిచ్ బటన్లు వేసి, పైన మామూలు గుండీలు కుట్టేసింది. ఒక్క చేత్తో నొక్కితే చాలు, చూసేవాళ్లకి తేడా తెలియదు. ఆ కబురు పాకి, దెబ్బలతో తిరిగొచ్చిన కుర్రాళ్లంతా ఆవిడ కుట్టు దుకాణం గడప తొక్కారు. ఎదురుగా రొట్టెల కొట్టు నడిపే రొట్టెలన్న అయితే షట్టరు దభాలున లాగడం మానేసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించసాగాడు. ఆ చప్పుడుకి టేపత్త మేనల్లుడు ఉలిక్కిపడటం చూశాడు మరి. ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

పిల్లల్ని కడుపులో పెట్టుకోవడంలో వీధంతా ఒక్కటే. చిక్కల్లా వాళ్లను ఎందుకు పంపారన్న ప్రశ్న దగ్గరే వచ్చింది.

"సరిహద్దు అవతల మన మీదికి ఆయుధాలు పోగేస్తున్నారు, నెలలో ముగించుకుని వచ్చేస్తారు" అని పిల్లల్ని పంపింది ఆ ఊరి మంత్రిగారే. నెల కాస్తా రెండేళ్లయింది. వెళ్లినవాళ్లకు అక్కడ ఖాళీ గోదాములు తప్ప ఏమీ కనిపించలేదు. మేనల్లుడి జతగాడు ఆ గోదాముల దగ్గరే ప్రాణం విడిచాడు. వాడి తల్లి బడిలో గంట కొడుతుంది. ఎందుకు పంపారో ఎదురుగా కూర్చుని చెప్పమని ఆవిడ అడుగుతూనే ఉంది. మంత్రిగారికి ప్రతిసారీ ఏదో ఒక పని తగులుతూనే ఉంది.

"ఎందుకమ్మా కెలకడం? యుద్ధం తప్పంటే మన పిల్లల్ని తప్పన్నట్టు కాదూ?" అన్నాడు రొట్టెలన్న టేపత్తతో.

"కోటు కురచైతే గుడ్డను తిడతామా అన్నా? కత్తెర పట్టినవాణ్ణి అడుగుతాం."

"నీకు అన్నిటికీ కత్తెరే."

"నువ్వు మాత్రం? నీకు అన్నిటికీ రొట్టెపిండే. మొన్న మీ అల్లుడు ఇంకా పొంగలేదన్నావు."

సైనికుల సన్మాన సభ దగ్గరపడింది. మంత్రిగారికి కొత్త కోటు కావాలి. పదవి రాకముందు నుంచీ ఆయన బట్టలు కుట్టేది టేపత్తే. కచ్చాకుట్టు వేసిన కోటు తొడిగి చూసుకోవడానికి ఆయనే దుకాణానికి వచ్చాడు. ఆవిడ ఆయన్ను అద్దం ముందు నిలబెట్టి, చేతులు చాపమని, చంకల దగ్గరా నడుం దగ్గరా గుండుసూదులు గుచ్చింది.

"మన వీరుడేడి అక్కా? సభలో నా పక్కనే నిలబడాలి," అన్నాడాయన అద్దంలోకి చూసి నవ్వుతూ.

లోపల ఇస్త్రీ చేస్తున్న మేనల్లుడు గుమ్మంలోకి వచ్చాడు. "నిలబడతానండీ. ఆ తర్వాత మీరు మా జతగాడి అమ్మ ఎదురుగా కూర్చుంటారా?"

మంత్రిగారి నవ్వు చప్పబడింది. "ఈ పిల్లల త్యాగాన్ని రాజకీయం చెయ్యకూడదు అక్కా."

"త్యాగం వాళ్లది. నిర్ణయం మీది. రెండూ ఒకే తానులోంచి కత్తిరించకండయ్యా." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆఁ, చేతులు దించకండి, గుచ్చుకుంటాయి."

ఆయన చేతులు చాపుకునే ఉన్నాడు. అద్దంలో అటు కుర్రాడి ఖాళీ చొక్కా చెయ్యి, ఇటు తన కొత్త కోటు చెయ్యి.

"సరే, చూద్దాం."

"నేను మీ కోటుకి ఎప్పుడైనా చూద్దాం అన్నానా? రోజు చెప్పి ఇస్తాను. మీరూ చెప్పండి."

"ఆ సభలోనే కూర్చుంటాను. సన్మానం కాగానే," అన్నాడాయన.

"దేవుడు విన్నాడు," అంటూ టేపత్త ఒక్కొక్క సూదీ తీసింది. ఒక్కటీ గుచ్చుకోకుండా.

సభ రోజు హాలు కిక్కిరిసింది. పేరు పేరునా పిలిచి కుర్రాళ్లకు పతకాలు ఇచ్చారు. రొట్టెలన్న చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రబరుచుకున్నాడు. ఫోటోలు అయ్యాక సహాయకుడు మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. ఆయన వెళ్లిపోవడానికి వేదిక మెట్లవైపు కదిలాడు.

పక్కనే నిలబడ్డ మేనల్లుడు మైకు అందుకున్నాడు. "అయ్యా, మా అత్త మీ కోటు చెప్పిన రోజుకి ఇచ్చిందండీ."

సంగతి తెలిసిన వీధివాళ్లు నవ్వారు. కుర్రాడు ఉన్న ఒక్క చేత్తో కుర్చీ లాగి, గంట కొట్టే ఆవిడకు ఎదురుగా వేశాడు. పతకాలు తగిలించుకున్న కుర్రాళ్లంతా వచ్చి ఆవిడ వెనక నిలబడ్డారు. మంత్రిగారు వచ్చి కూర్చున్నాడు.

"ఆయుధాలున్నాయని మీకెవరు చెప్పారు బాబూ? మీరు సరిచూసుకున్నారా?" అని అడిగిందావిడ.

"చూసుకోలేదమ్మా," అన్నాడాయన. "చెప్పింది నమ్మాను. మీతో గట్టిగా చెప్పింది మాత్రం నేనే."

ఎవరూ ఈల వెయ్యలేదు, తిట్టలేదు. ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సగానికి ఆయన దగ్గర జవాబు లేదు. తెలుసుకుని వచ్చే ఆదివారం ఇక్కడే చెబుతానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. రొట్టెలన్న లేచి వెళ్లి గంట కొట్టే ఆవిడకు మంచినీళ్లు ఇచ్చి, ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

గుమ్మం దగ్గర మంత్రిగారు టేపత్తను చూసి ఆగాడు. "ఇక తృప్తేనా అక్కా?"

ఆయన కోటు చేతి అంచున వేలాడుతున్న దారం ముక్కను ఆవిడ పుటుక్కున తెంపింది.

"ఒక్కసారి తొడిగి చూస్తే కుదురుతుందా అయ్యా? ఆదివారం రండి. మీ కుర్చీ మావాడే వేస్తాడు."