కాలు లోపల పడేదాకా

నందికొండలో షేక్ హమీద్‌ను ఎరగనివారు లేరు. ముప్పయ్యేళ్లు కృష్ణలో వలేసి బొచ్చెలు, రవ్వలు, జెల్లలు ఊరికి తినిపించినా రాని పేరు, ఒక్కరోజు ఏ పనీ చేయకుండా బండ మీద నిలబడినందుకు వచ్చింది. ఆ కీర్తి అప్పుడు వస్తుందని ముందే తెలిసి ఉంటే ఆయన కనీసం మంచి చొక్కా తొడుక్కుని పోయేవాడు.

హమీద్ తండ్రి ఇమాం సాబ్ డ్యాం కట్టే రోజుల్లో దేవరకొండ వైపు నుంచి రాళ్లు చెక్కడానికి వచ్చాడు. కట్ట లేచింది, కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు, ఇమాం సాబ్ మాత్రం పైలాన్ కాలనీలో ఒక రేకుల ఇల్లు చూసుకుని ఉండిపోయాడు. అందుచేత హమీద్ ఆ డ్యాంను ప్రభుత్వ ఆస్తిగా ఎన్నడూ గుర్తించలేదు. ఎవరు అడిగినా "మా అబ్బా కట్టిండు" అనేవాడు, తక్కిన వేలాదిమంది ఇమాం సాబ్‌కు సున్నం అందించడానికి వచ్చినట్టు.

పరశురాములు ఆయన జోడి. నందికొండ దిగువన చేపలు పట్టేవాళ్లలో పుట్టికి ఇద్దరు. ఆ ఇద్దరినీ కలిపి జోడి అంటారు. వీళ్లిద్దరిదీ ఇరవై రెండేళ్ల జోడి. పుట్టి అంటే పెద్ద గంప లాంటి గుండ్రని పడవ. దానికి ముందూ ఉండదు, వెనకా ఉండదు. తెడ్డు పట్టినవాడు ఎటు తిప్పితే అదే ముందు. ఈ కారణం చేతనే కాబోలు, జోడీలకు ఒక చట్టం ఉంది. ఎక్కడా రాసి లేదు గనక అందరూ పాటిస్తారు. ఒకడు వల ముడి విప్పడానికి బండ మీదికి దిగితే, వాడి కాలు మళ్లీ పుట్టి లోపల పడేదాకా రెండోవాడు నీళ్లలో తెడ్డు వేయకూడదు. అంతే. దొంగతనం, తాగుడు, అబద్ధం వంటి చిన్న చిన్న విషయాల గురించి ఆ చట్టం ఏమీ అనదు.

రాష్ట్రం వచ్చిన ఐదారేళ్లకు, ఒక ఆగస్టులో, కృష్ణకు పెద్ద వరద వచ్చింది. గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగుతుంది. సైరన్ మీద జాలర్లకు తమదైన భాష్యం ఉండేది: మొదటిది చూడవచ్చినవాళ్లకు, రెండోది ఆఫీసర్లకు, మూడోది మనకు. ఈ భాష్యాన్ని ఏ ఆఫీసరూ ఆమోదించలేదు. ఆ పొద్దున పదింటికి రెండో సైరన్ మోగేసరికి వీళ్ల పుట్టి దిగువన బండల మధ్య ఉంది.

"ఒక్క ముడి ఉంది, ఇప్పుకొని వస్త," అని హమీద్ బండ మీదికి దిగాడు.

"జల్ది రా భాయ్," అన్నాడు పరశురాములు, తెడ్డు పట్టుకుని.

మూడో సైరన్ మోగింది, దానితో పాటే నీళ్లూ వచ్చాయి. హమీద్ వల వదిలేసి వెనక్కి తిరిగాడు. పుట్టి రెండు బారల దూరంలో ఉంది. పరశురాములు ఆయన ముఖంలోకి చూశాడు. చూసి, తెడ్డు నీళ్లలో వేశాడు. ఇటు కాదు, అటు.

హమీద్ తర్వాత చాలాసార్లు ఆ ముఖాన్ని గుర్తు చేసుకున్నాడు. అందులో కోపం లేదు, కుట్ర లేదు, భయం ఒక్కటే ఉంది. కుట్ర ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. కుట్ర చేసేవాడు కనీసం ఎదుటి మనిషి గురించి కొంత ఆలోచిస్తాడు.

ఆ తర్వాత ఏడు గంటలు హమీద్ బండ మీద ఉన్నాడు. చుట్టూ కృష్ణ ఎర్రగా ఉరుముతూ పోయింది. వంతెన మీద నిలబడ్డ వేలమందికి ఆ రోజు గేట్లతో పాటు హమీద్ కూడా చూడదొరికాడు; ఆయన్ను వెనకాల పెట్టుకుని ఫొటోలు దిగారు. అబ్బా కట్టిన కట్ట ఇంతమంది ముందు ఇట్లా పరువు తీస్తుందని ఆయన అనుకోలేదు. మధ్యాహ్నం ఒక నీరుకట్టు పాము ఈదుకుంటూ వచ్చి బండ రెండో కొసన చుట్ట చుట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగా గమనించుకుంటూ గడిపారు. ఆ రోజు ఆయన్ను విడిచిపోని ప్రాణి అదొక్కటే. సాయంత్రం గేట్లు కాస్త దించి, ఈతగాళ్లు తాళ్లతో వచ్చి ఆయన్ను ఒడ్డుకు చేర్చారు. పాము గురించి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి ఒళ్లు తుడుచుకుంటుంటే భార్య తాహేరా టీ గ్లాసు చేతికిచ్చి అడిగింది:

"ఏం జీ, పర్శన్న రమ్మన్నా రాలేదంట గదా? వల ఇడిసిపెట్టి రానన్నవంట?"

హమీద్ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరు చెప్పిండ్రు?"

"ఊరంతా చెప్తుండ్రు. ఆయననే ఒడ్డుకొచ్చి మొత్తుకున్నడంట, ఆఫీసర్లను ఉరికిచ్చుకొచ్చిండంట. నిజంగనే అన్నవా?"

"నువ్వు నమ్మినవా?"

తాహేరా నిజాయితీగల మనిషి. "వల అంటే నీకు పానం గదా," అంది.

బండ మీద ఏడు గంటల్లో తడవని చోటేదో అప్పుడు తడిసింది.

ఒడ్డుకు చేరిన పరశురాములును నలుగురు చుట్టుముట్టి "రెండో ఆయన ఏడి?" అని అడిగారు. "రమ్మంటే రాలే" అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి వచ్చిన మాటకు ఊరివాళ్లు కాళ్లు పెట్టారు, ఒక విలేకరి రెక్కలు పెట్టాడు. 'వలపై మమకారం, ప్రాణంపై నిర్లక్ష్యం' అని ఒక పేపర్లో వచ్చింది. పక్కనే పరశురాములు ఫొటో: 'సమయస్ఫూర్తితో సమాచారం అందించిన మత్స్యకారుడు.' జెండా పండుగ నాడు ఒక ఆఫీసరు ఆయనకు శాలువా కప్పాడు. అదే రోజు, అదే ఆఫీసులో, పక్క గదిలో హమీద్ చేత నిషేధించిన చోటికి ఇక ముందు పోనని కాగితం మీద సంతకం పెట్టించారు. కిటికీలోంచి చప్పట్లు బాగా వినిపించాయి.

హమీద్ ఒకే ఒక్కసారి నోరు విప్పాడు. మత్స్య సంఘం అధ్యక్షుడు అంజన్న దగ్గరకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంజన్న శ్రద్ధగా విని, తల గోక్కుని, పరిపాలనాపరమైన ఇబ్బందిని వివరించాడు:

"గదంతా నిజమే కావచ్చు హమీద్ భాయ్. కానీ శాలువ కప్పినంక ఏం జేస్తం? కప్పింది మళ్ల గుంజుకుంటమా?"

ఆ తర్వాత హమీద్‌తో జోడి కట్టేవాడు దొరకలేదు. "నీతోటి పుట్టి ఎక్కితే బండ ఎక్కాలె" అని నవ్వేవారు. మూడేళ్లు ఆయన నీళ్ల మీదికి పోలేదు. ఒడ్డున వేపచెట్టు కింద కూర్చుని ఇతరుల వలలకు పడ్డ చిరుగులు అల్లాడు. ఆయనకు కావలసింది ఒక్కటే: తెడ్డు వేసినవాడే వచ్చి, నలుగురి ముందు, వేశానని చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. తాను చెప్పుకుంటే అసలే చెల్లదు.

పరశురాములు మాత్రం ప్రాయశ్చిత్తానికి వెనకాడలేదు. ఆ ఒక్క మాట తప్ప ఏదైనా ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. మొదట చేపలు తెచ్చాడు. జాలరి ఇంటికి చేపలు తేవడమంటే ఎంత పశ్చాత్తాపమో ఊహించుకోవచ్చు. హమీద్ వాటిని గడప మీదే ఉంచాడు, వాడలోని పిల్లులు మూడేళ్లలో బాగా బలిశాయి. రంజాన్ నెలలో ఖర్జూరాలు పంపాడు. హమీద్ ఇంటి రేకులు లేచిపోతే, ఆయన మార్కెట్‌కు పోయిన సమయం చూసి ఎక్కి మేకులు కొట్టాడు. హమీద్ తిరిగొచ్చి, ఎక్కి, ఆ మేకులు పీకి, తన మేకులు కొట్టుకున్నాడు. ఎదురుపడితే పరశురాములు "భాయ్" అనేవాడు. హమీద్ ఆయన భుజం మీదుగా డ్యాం వైపు చూసేవాడు, గేట్లు సరిగా ఉన్నాయో లేదో తనిఖీ చేస్తున్నట్టు.

మూడో ఏడు పరశురాములు జాన్‌పహాడ్ దర్గాకు చెప్పుల్లేకుండా నడిచిపోయి, హమీద్ పేరు మీద మేకను కోసి మొక్కుబడి విందు, కందూరు, చేశాడు. పైలాన్ కాలనీలో వాడకట్టంతా పోయి ఆ మొక్కు కూర తిని వచ్చింది. హమీద్ పేరు మీద మేక పోయింది; హమీద్ ఇంట్లో ఆ రోజు పప్పు. సాయంత్రం వంటింట్లో మూత పెట్టిన గిన్నె ఒకటి కనిపించింది.

"గిదేంది?"

"దర్గా మొక్కు కూర, తబర్రుక్. వద్దనొద్దు," అంది తాహేరా. "కాళ్లు బొబ్బలెక్కినయి ఆయనకు. ఎన్నేండ్లు గిట్ల? మాఫ్ చెయ్యరాదు?"

"మాఫ్ చెయ్యాలంటే తప్పు చేసినట్టు ఉండాలె గదా. తప్పు నాది, శాలువ ఆయనది. నేనేం మాఫ్ చేస్త?"

తాహేరా గిన్నె మూత సరిచేసింది. "ఆ పొద్దు నేను గట్ల అడగకపోయేది ఉండె," అంది. మూడేళ్లలో ఆయన వైపు పడ్డ మొదటి మాట అది. హమీద్ గిన్నె మూత తీయలేదు గానీ, తీసిపారేయమని కూడా అనలేదు.

ఆ సంభాషణ గోడకు ఆవల ఉన్నవారికి వినిపించిందో, తాహేరాయే చెప్పిందో, ఆ నెలలోనే జరిగిన సంఘం సర్వసభ్య సమావేశంలో పరశురాములు లేచి నిలబడ్డాడు. వరద భద్రత మీద జాలర్లకు పాఠం చెప్పడానికి సంఘం ఆయన్నే ఎంపిక చేసింది, అనుభవజ్ఞుడని. అంజన్న మైకు అందించాడు. హమీద్ చివరి వరసలో, చేతిలో సగం అల్లిన వలతో ఉన్నాడు.

"నేను పాఠం చెప్ప," అన్నాడు పరశురాములు. "ఆ రోజు నేను రమ్మనలే. ఆయన వస్తనే ఉండె. కాలు బయటనే ఉంది, నేను తెడ్డేసిన. భయమైంది, ఏసిన. ఒడ్డుకొచ్చి అబద్ధం చెప్పిన. గంతే."

హమీద్ చేతిలో సూది ఆగింది. మూడేళ్లుగా ఆయన ఎదురుచూసిన మాట, ఆయన కోరుకున్న మనిషి నోటినుంచి, ఆయన కోరుకున్నంత మంది ముందు, మైకులో వచ్చింది.

అప్పుడు అంజన్న లేచాడు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"సూసిండ్రా! దోస్తు పేరు నిలవెట్టెతందుకు నింద మొత్తం తన మీద ఏసుకుంటుండు. గిసుంటి మనిషి ఏడన్న ఉంటడా?"

చప్పట్లు మోగాయి.

"అబద్ధం కాదు అంజన్నా! నేను నిజంగనే ఇడిసిపెట్టి వచ్చిన!"

"అగో, మళ్ల గదే మాట! పెద్ద మనసు అంటే గిది!"

పరశురాములు మైకులో ఏడ్చాడు. ఏడ్చినకొద్దీ చప్పట్లు పెరిగాయి. అతిథికి తెచ్చిన శాలువా ఒకటి, అతిథి రానందున, బల్ల మీద ఖాళీగా ఉంది. దాన్ని కూడా ఆయనకే కప్పారు. ముందు వరసలో ఒకడు వెనక్కి తిరిగి, "కనీసం గిప్పుడన్న మాట్లాడు హమీద్ భాయ్, గంత పంతమా?" అన్నాడు.

హమీద్ వల మడిచి బయటికి నడిచాడు. ఇంతకాలం నిజం ఒకరి దగ్గర దాగి ఉందని, ఎప్పుడో బయటపడుతుందని ఆయనకు ఒక ధీమా ఉండేది. ఇప్పుడది బయటపడింది, నలుగురూ చూశారు, ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ వంతెన మీది వేలమందికీ ఈ సంఘానికీ తేడా ఏమిటో ఆయనకు తెలియలేదు. ఇక ఈ లోకంలో ఆ నిజాన్ని నమ్మేవాళ్లు ఇద్దరే. ఒకడు వదిలేసినవాడు, ఇంకొకడు వదిలేయబడ్డవాడు. జోడి, మళ్లీ.

వెనక అడుగుల చప్పుడు. భుజం మీద రెండో శాలువా జారిపోతుంటే పట్టుకుని పరశురాములు వస్తున్నాడు.

"భాయ్... చెప్పిన భాయ్. నమ్ముతలేరు."

హమీద్ ఆగాడు. ఆయన వైపు చూశాడు, ఈసారి డ్యాం వైపు కాదు.

"నేను చెప్పిననాడు కూడ నమ్మలే," అన్నాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట. "ఎట్లుంది?"

పరశురాములు జారుతున్న శాలువాను తీసి చంకన పెట్టుకున్నాడు.

"పొద్దుగాల ఆరింటికి రేవుకు రా. ఆ శాలువ తీసుకరా, పుట్టిల అడుగున తడి ఉంటది, పరుచుకోను పనికొస్తది," అన్నాడు హమీద్.

"వస్త భాయ్."

"ఇంకోటి. తెడ్డు నా దగ్గర ఉంటది."

అప్పటినుంచి ఇవాళ్టిదాకా తెడ్డు హమీద్ దగ్గరే ఉంది. బండ మీదికి దిగేది పరశురాములు. మాఫీ గురించి ఇద్దరి మధ్య మాట రాలేదు. ఎవరైనా అడిగితే హమీద్, "పుట్టికి ఇద్దరు కావాలె" అంటాడు, అదొక సాంకేతిక విషయమైనట్టు.

మొన్న ఆగస్టులో మొదటి సైరన్ మోగినప్పుడు పరశురాములు బండ మీద ఉన్నాడు. ఇప్పుడు వాళ్లు మొదటి సైరన్‌కే లేస్తారు. పాత భాష్యాన్ని వాళ్లు రద్దు చేసుకున్నారు. పరశురాములు ఒక ముడి విప్పి వెనక్కి చూశాడు. ఇంకొకటి విప్పి వెనక్కి చూశాడు. నీళ్లు ఇంకా రాలేదు. హమీద్ రెండు బారల దూరంలో, మోకాళ్ల మీద తెడ్డు అడ్డంగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చెయ్యి జరపడం ఎంత సులభమో ఆయనకు అప్పుడు తెలిసింది. ఒక్క తోపు. తర్వాత ఒడ్డుకు పోయి ఏదో ఒక మాట అంటే చాలు, మిగతాది ఊరు చూసుకుంటుంది.

ఆయన్ను నొప్పించింది అది కాదు. ఏ తప్పూ చేయని తన వైపు, తప్పు చేసినవాడు ముడి ముడికీ తిరిగి చూస్తున్నాడు.

"నన్నేం సూస్తవ్?" అని హమీద్ అరిచాడు. "ముడి సూడు."

పరశురాములు ఆఖరి ముడి విప్పి, వల భుజాన వేసుకుని వచ్చాడు. ఒక కాలు పుట్టిలో పెట్టాడు. రెండో కాలు ఇంకా బండ మీదే ఉంది. హమీద్ ఆ కాలు వైపు చూస్తూ, తొందర లేకుండా, తెడ్డు ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.