సాన పట్టని కత్తి

శనివారం వచ్చిందంటే వియన్నా పాత సామాన్ల సంతలో ట్రాట్‌నిగ్ ఉండాల్సిందే. ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఏ కత్తి దొరికినా ముందు రుమాలుతో చేతులు తుడుచుకుంటాడు, పిడి దగ్గర రెజిమెంటు ముద్ర వెతుకుతాడు, ఆపైన కళ్లు మూసుకుని అంచు మీద బొటనవేలు పోనిస్తాడు. ఆ రోజు వాల్‌బుర్గా అనే పెద్దావిడ దుప్పట్లో చుట్టి గుర్రపుదళం కత్తి ఒకటి తెచ్చింది. అలాంటి దానికోసం ఆయన ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాడు.

"మా తాతది. యుద్ధంలో దీంతో ముగ్గుర్ని నరికాడట. ఇది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదండీ. ఎంతోకొంతకి తీసుకుపోండి" అంది.

ట్రాట్‌నిగ్ వేలు మొన దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. నోరు మెదపకపోతే కత్తి ఆయనదే.

"అమ్మా, మన సైన్యంలో యుద్ధానికి పంపేముందే కత్తులకి సాన పట్టేవాళ్లు. దీనికి అసలు పట్టనే లేదు. ఇది కవాతులకే వెళ్లింది."

"అయితే ఎవర్నీ చంపలేదా?"

"దీంతో వెన్న కోయడమే కష్టం."

ఆవిడ కత్తి వంక కాసేపు చూసి, దాన్ని పసిబిడ్డలా మళ్లీ దుప్పట్లో చుట్టుకుంది. "ఎన్ని గొప్పలు చెప్పాడండీ మా తాత! ఇక హాల్లోనే తగిలిస్తాను" అని నవ్వుకుంటూ ట్రాము స్టాపు వైపు నడిచింది.

ట్రాట్‌నిగ్ రుమాలు తీశాడు. వేళ్లకి అంటిన కత్తి మీది పాత నూనెని వాసన చూసి, తుడుచుకోకుండానే రుమాలు జేబులో పెట్టేసుకున్నాడు.